నన్ను గూడ నమ్మొద్దు

ఆమె పోయి వారం తిరక్కముందే మా కాలేజీ గేటు పక్కన ఫ్లెక్సీ వెలిసింది. మధ్యలో ఆమె ఫొటో, చుట్టూ గులాబీలు, కింద నివాళులు అర్పిస్తున్నవాళ్ల ముఖాలు వరుసగా. ఆమె ముఖం కన్నా వాళ్ల ముఖాలే పెద్దగా ఉన్నాయి. నేను బస్సు దిగి దాని ముందు నిలబడి గట్టిగా నవ్వేశాను. టీ బండి అతను కంగారుగా చూశాడు. చనిపోయినావిడ బొమ్మ ముందు నవ్వే మనిషిని ఏమనుకుంటారో నాకు తెలుసు. కానీ ఆమె బతికున్నన్నాళ్లూ ఆ గేటుకు ఫ్లెక్సీ కట్టినప్పుడల్లా దాని ముందు ఆగి, "వీళ్లకు మన గేటు ఎవరిచ్చిన్రు?" అని వాచ్‌మన్‌ని అడిగేది. పాపం అతనేం చెప్తాడు, తల గోక్కునేవాడు. ఇప్పుడు అదే గేటు దగ్గర ఆమెనే కట్టారు.

పేరు రాయను. పేరు పెద్దక్షరాల్లో కనిపిస్తే ఆమెకు ఒళ్లు మండేది.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు వెళ్లే దారిలో ఉంటుంది మా కాలేజీ. నేను ఎకనామిక్స్ చెప్తాను, ఆమె పొలిటికల్ సైన్స్ చెప్పేది. నాది సత్తుపల్లి దగ్గర. కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం మాది. ఆమెది ఖమ్మం దాటాక ఒక తండా. నేను 'ఏంటండీ' అంటే మూతి తిప్పి 'ఏంటండీ' అని నన్నే వెక్కిరించేది. నేను మొదటి ఏడాదంతా మేడం అని, తర్వాత ఎప్పుడో ధైర్యం చేసి అక్కా అన్నాను. ఆమె మాత్రం మొదటిరోజే, నా పేరు సరిగ్గా వినకముందే, "చెల్లె, ఆ కిటికీ తియ్యి" అంది. అప్పటినుంచి నేను చెల్లెనే.

సర్కారు ఆఫీసుల్లో పెద్దసారు కుర్చీకి ఒక తువ్వాలు కప్పి ఉంటుంది కదా. మా ప్రిన్సిపాల్ కుర్చీకీ ఉండేది, తెల్లటిది, వారం వారం ఉతికేవారు. ఆయన క్యాంపుకి వెళ్లిన రోజున ఆమె ఆ గదిలోకి వెళ్లి తువ్వాలు తీసి మడతపెట్టి బల్ల మీద పెట్టేది. "ఇప్పుడిది కుర్చీ" అనేది. అందులో కూర్చునేది మాత్రం కాదు. ఆయన వచ్చి అటెండర్ మీద అరిచేవాడు. ఆమె లోపలికి వెళ్లి, తీసింది నేను సార్ అని చెప్పి వచ్చేది. ఇద్దరూ రిటైరయ్యేదాకా ఈ తంతు ఇలాగే నడిచింది. ఆయన ఆమెను ఏమీ చేయలేకపోయాడు, ఎందుకంటే పాఠం చెప్పడంలో ఆమెకు వంక పెట్టే మొనగాడు జిల్లాలో లేడు.

ఎవరికి ఏ పదవి వచ్చినా ఆమె అడిగే ప్రశ్న ఒకటుంది. క్లాస్ లీడరైనా, టీచర్ల సంఘం అధ్యక్షుడైనా, పక్క ఊరి కొత్త సర్పంచైనా సరే, స్వీటు చేతిలో పెట్టగానే తీసుకుని నోట్లో వేసుకుని, నములుతూనే అడిగేది: "ఎక్కుడు సరే, దిగుడెప్పుడు?" అడిగించుకున్నవాళ్ల ముఖం చూడాలి. పెళ్లిలో విడాకుల సంగతి అడిగినట్టు ఉండేది వాళ్లకి. కొందరు ఆమెకు స్వీటివ్వడం మానేశారు.

ఆమె క్లాసులో ఒక అమెరికా అధ్యక్షుడుండేవాడు. ఆ దేశం పుట్టిన కొత్తలో రాజ్యాంగం రాయడంలో ముందు నిలిచి, తర్వాత తనే అధ్యక్షుడైనవాడు. మా సిలబస్‌లో ఆయనకు చోటు లేదు. అయినా ఏటా కొన్ని క్లాసులు ఆయనకే పోయేవి. మనిషి పొట్టి, పీలగొంతు, ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. అందుకని ఆమె 'మన పొట్టాయన' అనేది, ఎదురింటాయన్ని అన్నట్టు. పాలించేవాడు మంచివాడని నమ్మి చట్టం రాయకూడదని, ఆ కుర్చీలో చెడ్డవాడు కూర్చున్నా జనానికి హాని జరగకుండా రాయాలని ఆయన వాదన. అందుకే అధికారాన్ని ముక్కలు చేసి పంచాలన్నాడు, ఒకడి చేతికి ఇంకొకడి చెయ్యి అడ్డం ఉండాలన్నాడు. స్వేచ్ఛను ఎవరో కత్తి పట్టుకుని వచ్చి ఒక్కరోజులో లాక్కోవడం తక్కువని, చప్పుడు లేకుండా కొద్దికొద్దిగా తీసుకుపోవడమే ఎక్కువని కూడా అన్నాడు. ఈ చివరిది చెప్పేటప్పుడు ఆమె పొలం గట్టు గీసేది బోర్డు మీద. పక్క చేనోడు ఏడాదికి ఒక్క సాలు గట్టులోకి దున్నుకుంటాడు, ఒక్క సాలే కదా అని నువ్వు ఊరుకుంటావు, చూస్తుండగానే నీ చేను కాలిబాట అవుతుంది. పిల్లలందరికీ గట్టు తగాదాలు తెలుసు. వాళ్లకు ఇంక అమెరికా దూరంగా అనిపించేది కాదు.

ఒకసారి నా క్లాసు ముందే అయిపోయి ఆమె గది బయట నిలబడ్డాను. అడవి పల్లె నుంచి వచ్చిన ఒక కోయ పిల్ల లేచి, ఆ పొట్టాయన ఇంట్లో బానిసలుండేవాళ్లా అని అడిగింది. ఎక్కడ చదివిందో మరి. ఆమె ఒక్క క్షణం కూడా నాన్చలేదు. ఉండేటోళ్లని, చచ్చేదాకా ఉన్నారని, చచ్చేటప్పుడు కూడా ఆయన వాళ్లను విడిచిపెట్టలేదని చెప్పింది. మరి అట్లాంటోడి మాటలు మేమెందుకు చదవాలె మేడం అంది ఆ పిల్ల. నాకు అక్క మీద జాలేసింది, ఇన్నేళ్లుగా నెత్తిన పెట్టుకున్న మనిషి కదా అని. ఆమెకు నా జాలి అవసరం లేకపోయింది.

"అధికారం చేతుల ఉన్నోణ్ణి నమ్మొద్దని గదా ఆయన చెప్పిండు. ఆ మాట ముందుగాల ఆయన మీదనే పెట్టి చూడు. ఆయన్ని నమ్మొద్దు. మాట తీసుకో, మనిషిని వదిలెయ్యి. ఇగో, ఇక్కడ సుద్దముక్క పట్టుకొని నిలబడ్డ కదా, నన్ను గూడ నమ్మొద్దు."

ఆ పిల్ల కూర్చోలేదు. నమ్మకపోతే ఫెయిల్ చేస్తారా అని అడిగింది. పిల్లలు నవ్వారు. ఆమె అందరికన్నా గట్టిగా నవ్వింది.

రిటైరయ్యాక ఖమ్మంలో ఇల్లు కట్టుకుని హాయిగా ఉంటుందనుకున్నాం. ఆమె దుమ్ముగూడేనికి అవతల గోదారి ఒడ్డున ఒక ఊళ్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండిపోయింది. ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు ఆ ఊళ్లో ఎక్కువ. ఓటు కూడా అక్కడికే మార్చుకుంది. ఆదివారాలు నేను వెళ్లేదాన్ని. పాలు లేని టీ పెట్టి, మా అమ్మ పంపిన ఆవకాయ నేనిస్తే, ఇందులో కారం లేదని తిట్టుకుంటూ జాడీ ఖాళీ చేసేది.

ఆ ఊరికి గోదారి ఇసుకతో కష్టం వచ్చింది. ఒక ఎండాకాలం యంత్రాలు దిగి తవ్వుకుపోయాయి. మంచినీళ్ల బోరు బురద కక్కింది. గుంటలో గేదె పడి చచ్చింది. ఒడ్డు తెగి మిరప చేలు నదిలోకి జారాయి. ఏజెన్సీలో ఇసుక తీయాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి, అది చట్టం. కానీ కాంట్రాక్టర్లు సభ దాకా ఎందుకు వస్తారు? ఊరి పెద్ద ఒకణ్ణి పట్టుకుంటారు, వాడు తలూపుతాడు, సభ జరిగిందని చెప్పేస్తారు. ఆ ఊళ్లోనూ అదే జరిగింది. మళ్లీ జరగకూడదని ఊరంతా కూర్చుని ఇసుక కమిటీ పెట్టుకున్నారు. అధ్యక్షురాలిగా ఆమెనే ఉండమన్నారు. ఆమె రెండు షరతులు పెట్టింది. ఎవరైనా సరే అధ్యక్ష పదవిలో ఒక్క ఏడాదే ఉండాలి. ఏ నిర్ణయమైనా గింజలతో జరగాలి.

గింజలంటే, ఆ ఊళ్లో చేతులెత్తమంటే అందరూ పెద్దాయన చెయ్యి వైపు చూసి ఎత్తేవాళ్లు. అందుకని ప్రతి మనిషికీ ఒక ఇప్పగింజ, ఒక చింతగింజ ఇచ్చేవారు. ఇప్పగింజ అంటే అవునని, చింతగింజ అంటే కాదని. గుడ్డ కప్పిన కుండలో చెయ్యి పెట్టి ఒకటి వదిలి, రెండోది పక్కనే పెట్టిన సంచిలో పారేయాలి. కళ్లతో చూడక్కర్లేదు, నున్నగా పొడుగ్గా ఉండేది ఏదో, గట్టిగా బల్లపరుపుగా ఉండేది ఏదో వేళ్లకే తెలిసిపోతుంది. మొదటిసారి ఒక ముసలాయన రెండు గింజలూ కుండలోనే వేసొచ్చాడు. ఇదేంటి తాతా అంటే, అవునన్నోళ్లూ మనోళ్లే, కాదన్నోళ్లూ మనోళ్లే, ఒకరిని చిన్నబుచ్చడం ఎందుకన్నాడు. ఆయన్ని చూసి ఇంకా కొందరు అలాగే వేశారు. ఆ రోజు సభ మొత్తం మళ్లీ మొదటినుంచి పెట్టాల్సొచ్చింది. ఆమె విసుక్కోలేదు, ముసలాయన పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడింది.

ఆ ఏడాది లారీ దిగలేదు. ఆమె ఎన్ని ఆఫీసుల మెట్లెక్కిందో, ఎంతమందితో నోరు చేసుకుందో నేను చూశాను. కాంట్రాక్టర్ మనుషులు ఆమె ఇంటి ముందు కారాపితే గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేది. ఏడాది గడిచేసరికి మళ్లీ ఎండాకాలం ముందుంది. పెద్ద ఆఫీసర్ ఇసుక తవ్వకం మీద విచారణకు వస్తాడని కబురొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆమె గడువు తీరింది.

ఆశ్రమ పాఠశాల రేకుల షెడ్డులో సభ. నేనూ వెళ్లాను. ఆమె లేచి, తన ఏడాది అయిపోయిందని, కొత్తవాళ్లను ఎన్నుకోమని చెప్పింది. ఊరు ఒప్పుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు లేచి నువ్వే ఉండాలన్నారు. అందరికన్నా గట్టిగా మాట్లాడింది ఒక అవ్వ. తునికాకు కోతల్లో నడుం వంగిపోయిన మనిషి, గొంతు మాత్రం వంగలేదు. రూలు పెట్టింది సభే కాబట్టి ఎత్తేసేదీ సభేనని, గింజలతోనే అడుగుదామని అంది. తన పద్ధతే తన ముందు పెట్టాక ఆమె కాదనలేకపోయింది. కుండ తిరిగింది. గుడ్డ మీద బోర్లిస్తే అన్నీ ఇప్పగింజలే. మధ్యలో ఒక్క చింతగింజ.

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆమె వంగి ఆ చింతగింజ తీసుకుంది. నేను ఆమె ముఖం వైపు చూసి కొట్టడం ఆపాను. అంత బాధ ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు.

"ఇది వేసినోళ్లెవరో నాకు తెల్వదు, తెల్వొద్దు గూడ. కానీ పొద్దుగాల నుంచి ఇక్కడ అందరు నన్ను ఉండమన్నోళ్లే. వద్దని ఒక్కరు నోరు తెరవలే. అంటే నా మొఖం మీద కాదని చెప్పనీకి ఒక మనిషి భయపడ్డది. ఏడాది కింద ఈ ఊర్ల నేనంటే ఎవరికీ భయం లేకుండె. నేను దిగుతున్న."

అవ్వ లేచింది. సభ ఉండమంది, సభకన్నా నువ్వు పెద్దదానివా అని నిలదీసింది. నిజమే కదా అనిపించింది నాకు. పొట్టాయన పుస్తకాలన్నీ తిరగేసినా దానికి జవాబు దొరకదనుకున్నాను.

ఆమె నెమ్మదిగా అంది: "సభ నన్ను దింపొచ్చు అవ్వా. కట్టేసి కూసోబెట్టనీకి రాదు."

అవ్వ కోపంగా వెళ్లిపోయింది. చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. నేను మాత్రం తిరిగివస్తూ దారి పొడుగునా మాట్లాడాను. నీ సిద్ధాంతం కోసం ఊరిని గోదాట్లో కలిపావన్నాను. మీ పొట్టాయనే రెండు దఫాలు ఉన్నాడు కదా, నువ్వు ఇంకొక్క ఏడాది ఉంటే ఏం పోయేదన్నాను. ఆయన తప్పులు కూడా నేను చెయ్యాల్నా అంది. నాకు నవ్వు రాలేదు. అప్పుడు ఆగి నా చెయ్యి పట్టుకుంది.

"కాంట్రాక్టరుకు ఊరు వద్దు చెల్లె, ఒక్క మనిషి కావాలె. ఇయ్యాల ఆ మనిషి నేనైన. ఊరంత నా ఇంటి దిక్కే చూస్తున్నది. రేపు నాకేమన్న అయితె ఆ ఇసుకకు దిక్కెవరు?"

నా కోపం తగ్గలేదు. ఇప్పటికీ పూర్తిగా తగ్గిందని చెప్పను. ఎందుకంటే తర్వాత జరిగింది నేను భయపడ్డదే. కొత్త అధ్యక్షుడు మిరప తోట ఉన్న ఒక నెమ్మదస్తుడు, ఎవరినీ కాదనలేని మనిషి. కాంట్రాక్టర్ మనుషులు అతన్ని కారులో భద్రాచలం తీసుకుపోయి బిర్యానీ తినిపించి, అన్నా అన్నా అని భుజం మీద చెయ్యేశారు. ఊరి బాటన లారీలు పోనిస్తానని మాట ఇచ్చేసి వచ్చాడు. ఇంటికొచ్చాక నిద్రపట్టక తనే సభ పిలిచి తలవంచుకుని చెప్పాడు. షెడ్డులో గొడవ మొదలైంది. కొందరు తిట్టారు, కొందరు మాటిచ్చాక తప్పితే పరువు పోతుందన్నారు. ఆమె వెనక మెట్టు మీద నోరు మెదపకుండా కూర్చుంది. లేచి చెప్పక్కా, నువ్వు చెప్తే వింటారని నేను మోచేత్తో పొడిచాను.

"నోర్ముయ్యి చెల్లె. వాళ్లు మాట్లాడుతున్నరు."

వాళ్లు మధ్యాహ్నం దాకా మాట్లాడారు. తప్పులు మాట్లాడారు, పాత పగలు తీశారు, ఒకావిడ ఏడ్చింది. చివరికి కుండ తెచ్చారు. సభను అడక్కుండా ఒక్కడు ఇచ్చిన మాట ఊరి మాట కాదని తేల్చారు. ఆ నెమ్మదస్తుణ్ణి దింపారు. అతను బరువు దిగిన మనిషిలా ఊపిరి పీల్చుకుని వెళ్లి జనంలో కూర్చున్నాడు. బట్టలు కుట్టే ఒకావిడను ఎన్నుకున్నారు. ఆఫీసర్ విచారణకు వచ్చినప్పుడు ఆ కుట్టుమిషనావిడ ఒక్కతే మాట్లాడలేదు, షెడ్డు నిండా మనుషులు మాట్లాడారు. ఆయన తల పట్టుకున్నాడు. ఇసుక కదల్లేదు.

మొన్న ఆమెకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. భద్రాచలం దవాఖానాలో చేర్చాక గుండె ఆగిపోయింది. నేను వెళ్లేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు. నేను దుప్పటి తీసి చాలాసేపు ఆ ముఖాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆమెతో పోట్లాడటానికి నా దగ్గర ఇంకా ఎంతో మిగిలిపోయింది.

పెద్దదిక్కు పోయిందని తెలిసిన కాంట్రాక్టర్ మనుషులు ఎక్కువ రోజులు ఆగలేదు. ఆమె గదులు ఖాళీ చేద్దామని నేను ఆ ఊరు వెళ్లిన రోజునే వచ్చారు. లారీలు మెయిన్‌రోడ్డు మీద వరుసగా ఆగి ఉన్నాయి. కబురు వెళ్లింది, షెడ్డు నిండింది. వచ్చినవాడు మర్యాదస్తుడే. నేరుగా ఆ మిరప తోటాయన పక్కకు వెళ్లి, భుజం మీద చెయ్యేసి, మేడం పోయింది పాపం, ఇక మనం మనం కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. తోటాయన ఆ చెయ్యి తీసి పక్కన పెట్టి, చాప మీద కాస్త జరిగి, అందరం ఇక్కడే ఉన్నాం, కూర్చుని మాట్లాడమన్నాడు. వచ్చినవాడు నవ్వాడు. ఇంతమందితో ఎట్లా మాట్లాడతాం, ఊరికి పెద్ద ఎవరో ఒకరిని చెప్పండి అన్నాడు.

కుట్టుమిషనావిడ చాప మీద నుంచి లేవలేదు. అక్క ఒక్కతి ఉండి ఉంటే అనుకున్నాను.

అప్పుడు అవ్వ గోడ పట్టుకుని లేచింది.

"పెద్ద పోయింది గదా అని వచ్చినవ్. ఆమె ఉన్నప్పుడు గూడ ఈ ఊరికి పెద్ద ఆమె కాదు. అప్పుడు గూడ మాతోనే మాట్లాడాలె. ఇన్నాళ్లు మీరు తప్పు మనిషిని పట్టుకున్నరు."

ఆ మాట వినగానే ముందు నాకు చురుక్కుమంది, నా అక్కను అలా అంటుందేమిటని. తర్వాత అక్కడే నేల మీద కూర్చుండిపోయి ఏడ్చాను. ఆమె ఉండి ఈ మాట వినుంటే తొడ చరిచి నవ్వేది. కాంట్రాక్టర్ మనిషి మంచినీళ్లు తాగి, షెడ్డు నిండా ఉన్న ముఖాల్లో ఎవరి వైపు చూడాలో తెలియక కాసేపు అటూ ఇటూ చూసి, కారెక్కాడు. లారీలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. రేపు మళ్లీ వస్తాయి, నాకు తెలుసు, ఊరికీ తెలుసు. ఇది రాస్తున్న ఇవాళ్టికి మాత్రం ఒక్క లారీ గోదాట్లోకి దిగలేదు.